రోజువారీ చవక సిగార్: పెట్టిన డబ్బుకు తగినదో కాదో ఎలా తేల్చాలి?

వేణు, సీతమ్మధార:

అందరికీ నమస్కారం. వారంలో మూడు నాలుగు సాయంత్రాలు మేడ మీద కూర్చుని ఒక సిగార్ కాల్చడం నాకు అలవాటు. సిగరెట్ ముట్టను. ఇన్నాళ్లూ దుబాయిలో ఉద్యోగం చేసిన మా బావగారు సెలవులకు వచ్చినప్పుడల్లా తెచ్చిన పెట్టెలతో గడిచిపోయింది. ఆయన ఉద్యోగం మానుకుని ఊరికి వచ్చేశారు. ఇక నా డబ్బుతో నేనే కొనుక్కోవాలి.

సిరిపురంలో ఒక దుకాణానికి వెళ్లి అడిగాను. అద్దాల బీరువాలో ఉన్నవాటిలో నాకు అందుబాటులో కనిపించినవి మూడే. ఒకటి యంత్రం మీద చుట్టిన స్విస్ సిగార్, విలిగర్ వారిది, నలుచదరంగా నొక్కినట్టు ఉంటుంది. రెండోది క్యూబా సరుకులో అడుగు ధరలో దొరికే హోసే పియేద్రా. మూడోది హోండురస్ నుంచి పెట్టె లేకుండా ఇరవై కలిపి కట్టగా వచ్చేది. విడిగా కూడా ఇస్తామన్నారు.

మూడూ కొని కాల్చి చూశాను. ఎంతసేపు కాలిందో గడియారం చూసి రాసుకుని, ధరను నిమిషాలతో భాగించి పట్టిక వేశాను. పట్టిక ప్రకారం లావుగా ఉన్న హోండురస్ సిగార్ అన్నిటికంటే చవక. కానీ నోటికి ఆ తేడా అలా తెలియలేదు. దానిలో సగం దాటాక నాలుక మండింది, పారేశాను. అదే దుకాణంలో మరో రోజు అదే రకం కొంటే చివరిదాకా హాయిగా కాలింది. ఒకే పేరు, ఒకే ధర, ఇంత తేడా ఎందుకు? రోజువారీ వాడకానికి డబ్బుకు తగిన సిగార్ ఏదో తేల్చడానికి మీరు ఏ లెక్క వాడతారు?

సూర్యం, భీమిలి:

వేణు గారూ, అద్దాల బీరువాల వైపు వెళ్లకుండా ఒకసారి పూర్ణా మార్కెట్ వైపు వెళ్లిరండి. మంచి లంక పొగాకు చుట్టలు కట్టగా దొరుకుతాయి. మీరు ఒక్క సిగార్‌కు పెట్టే డబ్బుతో చాలా రోజులు గడుస్తుంది. మా నాన్నగారు ఓడరేవులో పని చేసినన్నాళ్లూ అవే కాల్చారు. కాగితం లేదు, రంగు పట్టీ లేదు, ఉన్నదంతా ఆకే. ఘాటు మాత్రం ఉంటుంది, ఖాళీ కడుపుతో వెలిగించకండి.

గౌతమీతీరం, మురళీనగర్:

వేణు గారూ, మీ పట్టికలో భాగహారం సరిగానే ఉంది. భాజకం దగ్గరే చిక్కు. సిగార్‌ను నిమిషాలతో భాగించకండి, చివరి మూడో వంతుతో తూచండి.

ఎందుకంటే మొదటి మూడో వంతు ఏ సిగార్‌లోనైనా బాగానే ఉంటుంది. మీరు పీల్చే పొగ ఇంకా కాలని ఆకు గుండా ప్రయాణించి వస్తుంది కాబట్టి దానిలోని వేడీ, జిగురూ ఆ ఆకులోనే ఆగిపోతాయి. కాలుతూ వచ్చేకొద్దీ ఆ ఆకు తరుగుతుంది, అంతదాకా ఆగినదంతా చివరి భాగంలో పేరుకుంటుంది. ఆకు సరిగా మాగి ఉంటే అక్కడ రుచి చిక్కబడుతుంది. మాగని ఆకైతే అక్కడే అమ్మోనియా ఘాటు ముక్కుకు తగులుతుంది, నాలుక మండుతుంది. సగంలో పారేసిన సిగార్ ధర మీ పట్టికలో ఉన్నదానికి రెట్టింపు అని రాసుకోండి.

నాకు ఈ మాట పుస్తకాల వల్ల తెలిసింది కాదు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి లంకలో పొగాకు వేసిన కుటుంబం మాది. వరద తీసి, ఒండ్రు మిగిలాక మొక్క నాటేవారు. రాజమండ్రిలో 1947లో పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థకు వెళ్లి నాన్నగారు విత్తనం సంగతులు కనుక్కుని వచ్చేవారు. కోసిన ఆకును దండలు గుచ్చి పాకలో ఆరబెట్టి, ఆ తరువాత కుప్ప వేసేవారు. అసలు పని ఆ కుప్పలోనే జరుగుతుంది. లోపలి ఆకు పైకి, పై ఆకు లోపలికి వచ్చేలా తిప్పుతూ ఉండాలి. చెయ్యి లోపలికి పెడితే వేడి తెలిసేది. ఆ వేడికే పచ్చి ఘాటు చచ్చి, ఆకుకు వాసన పుడుతుంది. తొందరపడి కుప్ప విప్పిన రైతు ఆకు చూడటానికి బాగానే ఉండేది, కాల్చినవాడికి గొంతు పట్టేసేది. క్యూబాలోనైనా హోండురస్‌లోనైనా సిగార్ ఆకుకు జరిగేది ఇదే, ఇంకా ఎక్కువ కాలం, ఇంకా ఎక్కువ ఓపికతో. సిగరెట్ల వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడి గొట్టాలతో కొద్ది రోజుల్లో ఎండబెడతారు. సిగార్ ఆకుకు ఆ దగ్గరిదారి లేదు.

కాబట్టి ధర చూసినప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ డబ్బులో ఆకుకూ, అది మాగిన కాలానికీ ఎంత పోయింది? దిగుమతి సరుకులో పెద్ద వాటా సుంకాలకూ పన్నులకూ పోతుంది, దాని గురించి మనం చేయగలిగింది లేదు. మిగిలినదాన్ని దేవదారు పెట్టె, బంగారు పట్టీ, పేరు పంచుకుంటాయి. అందుకే పెట్టె లేని కట్టల మీద నాకు గౌరవం. వాటిలో కొన్ని పేరున్న కర్మాగారాల్లోనే చుట్టినవి, రంగు సమంగా లేదని పక్కన పెట్టినవి. రంగు కాలదు కదా.

ఇక మీ మూడింటి సంగతి.

యంత్రం మీద చుట్టినవాటిని నేను చిన్నచూపు చూడను. ప్రతిదీ ఒకేలా కాలుతుంది, గాలి ఆగదు, ఇరవై నిమిషాల తీరిక ఉన్న రోజున సరిపోతుంది. అయితే ఈ రకం చవక సిగార్లు చాలావాటిలో లోపలి ఆకును పట్టి ఉంచే చుట్టు నిజమైన ఆకు కాదు. పొగాకు పొడిని గుజ్జు చేసి కాగితంలా పరిచి కోసినది. ఆ కాగితపు రుచి ఒకసారి పట్టుబడిందంటే మరిచిపోవడం కష్టం. కొనేముందు పట్టీ మీద గానీ పెట్టె మీద గానీ పూర్తిగా పొగాకు అని రాసి ఉందేమో చూడండి.

పియేద్రా చేతితో చుట్టినదే, అంతా క్యూబా ఆకే. చవకగా రావడానికి కారణాలు రెండు. ఆకు పేరుమోసిన వుయెల్తా అబాహో ప్రాంతానిది కాదు, వుయెల్తా అర్రీబాది. పైగా లోపల నిడుపాటి ఆకు ఉండదు, ముక్కలాకు ఉంటుంది. ముక్కలాకు వేగంగా, వేడిగా కాలుతుంది, నుసి పొడిపొడిగా రాలుతుంది, అప్పుడప్పుడు తునకలు నోట్లోకి వస్తాయి. నిదానంగా, నిమిషానికి ఒక్క దమ్ముకు మించకుండా కాలిస్తే మట్టివాసన కలిసిన మంచి రుచి ఇస్తుంది. ఆత్రపడితే చేదు.

హోండురస్ కట్టలో లోపల నిడుపాటి ఆకు ఉందో, ముక్కలు కలిపారో దుకాణదారుని అడగండి. ఆయనకు తెలియకపోతే ఒకటి బ్లేడుతో నిలువుగా కోసి చూడండి. ఒక సిగార్ పోతుంది గానీ ఇరవైటి సంగతి తెలుస్తుంది. పొడవునా పాయలుగా విడితే మంచి సరుకు. కాడలు, లావు ఈనెలు కనిపిస్తే ఆ కట్ట వద్దు, ఈనె కాలేటప్పుడే మంట ఒక పక్కకు పరుగెడుతుంది.

లావు సంగతి కూడా ఒక మాట. సిగార్ లావును అంగుళంలో అరవై నాలుగో వంతుల్లో చెబుతారు. 50 అంటే అంగుళంలో 64కు 50 వంతులు. 42 లావుదీ 50 లావుదీ ఒకే పొడవులో ఉంటే, సన్నదానిలో ఆకు దాదాపు 30 శాతం తక్కువ. అందుకే మీ పట్టికలో లావుది గెలిచింది. కానీ రుచిలో ఎక్కువ వాటా పై ఆకుది. సన్న సిగార్‌లో లోపలి సరుకుతో పోలిస్తే పై ఆకు పాలు ఎక్కువ. చవక లావు సిగార్‌లో నాసి ఆకు దాచడానికి చోటు ఎక్కువ. అందుకని చవకలో కొనేటప్పుడు నేను సన్నవాటినే ఎంచుకుంటాను.

కట్ట ధరను ఇరవైతో భాగించడం కూడా మానండి. వెలిగించకముందే తల కోసి గాలి పీల్చి చూడండి. బిగుసుకుపోయి గాలి రానివి ఇరవైలో నాలుగు ఉంటే, భాగించాల్సింది పదహారుతో. రూ.3,000 కట్ట అనుకుందాం: ఒక్కోటి రూ.150 అనుకున్నది రూ.187 దాటుతుంది. చేతితో చుట్టినవాటి చవకదనం చాలాసార్లు ఇక్కడే ఆవిరవుతుంది.

మీ అసలు ప్రశ్నకు వస్తాను: ఒకే పేరు, ఒకే ధర, రెండు రకాలుగా ఎందుకు కాలింది? మన విశాఖ గాలి వల్ల. సిగార్‌కు 65 నుంచి 70 శాతం గాలితేమ కావాలి. మన ఊళ్లో చాలా నెలలు అంతకు మించే ఉంటుంది, వానాకాలంలో చెప్పనక్కరలేదు. దుకాణంలో పగలు ఏసీ ఆకును పిండేస్తుంది, రాత్రి ఏసీ ఆపేశాక సముద్రపు తేమ తిరిగి ఎక్కుతుంది. రోజూ ఉబ్బి, ముడుచుకుని ఆ ఆకు అలసిపోతుంది. మీకు నాలుక మండినది తేమ ఎక్కువై ఆవిరితో ఉడికినదైనా కావాలి, ఎండిపోయి భగ్గున కాలినదైనా కావాలి. వేళ్లతో మెల్లగా నొక్కితే తెలుస్తుంది: గలగలమంటే ఎండినది, మెత్తగా లోపలికి పోయి అక్కడే ఉండిపోతే తడిసినది, లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తే పదును మీద ఉన్నది.

అందువల్ల తెచ్చిన రోజే కాల్చవద్దు. దేవదారు పెట్టెలకు డబ్బు పోయనక్కరలేదు, మన తీరంలో అవి గాలిని సరిగా ఆపలేవు కూడా. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అందులో 65 శాతానికి తేమ నిలిపే పొట్లం ఒకటి, చిన్న తేమమాపిని ఒకటి వేయండి. మాపినిని నమ్మేముందు పరీక్షించాలి: సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా మాత్రమే నీటి చుక్కలు వేసి, మాపినితో కలిపి జిప్ సంచిలో ఒక రాత్రంతా మూసి ఉంచండి. పొద్దున్న 75 చూపాలి. ఎంత తేడా చూపితే అంత సవరించుకోండి. రెండు మూడు వారాలు ఆ డబ్బాలో ఉన్న చవక సిగార్, బీరువాలోంచి నేరుగా తెచ్చిన ఖరీదైనదాన్ని మించి కాలడం మా ఇంట్లో మామూలే. డబ్బుకు విలువ పెంచే పని ఏదైనా ఉందంటే ఇదే. డబ్బా ఖర్చు ఒక్కసారిది.

మేడ మీద కాల్చేటప్పుడు గాలికి అడ్డంగా గోడ చాటున కూర్చోండి. సాయంత్రం సముద్రపు గాలి సిగార్‌ను మీకంటే ఎక్కువ పీలుస్తుంది. ఒక పక్క కాలి, వేడెక్కి, ముప్పావు గంట నడవాల్సింది అరగంటకే అయిపోతుంది.

సూర్యం గారి మాటతో ఏకీభవిస్తాను, ఒక మెలికతో. చుట్టను సిగార్‌కు పేదరికపు రూపంగా చూడకూడదు. తిరుచిరాపల్లి చుట్టలు బ్రిటిష్ వారి కాలంలో లండన్ దాకా వెళ్లాయి. మంచి లంక చుట్టలో ఉన్నదంతా ఆకే, రెండు చివరలూ తెరిచి ఉంటాయి కాబట్టి కోయాల్సిన పని లేదు. కానీ అది కూర్చుని ముప్పావు గంట సాగదీసేది కాదు. పదును ఉన్నప్పుడు వెలిగించి, కొంచెం కాల్చి, ఆర్పి, మళ్లీ వెలిగించుకునేది. చేలో పని మధ్య తీరికకు కుదిరినది. వేణు గారు వెతుకుతున్న సాయంత్రం వేరు.

చివరిగా ఒక లెక్క. రూ.150 సిగార్ వారానికి నాలుగు అంటే నాలుగు వారాలకు రూ.2,400. రూ.400 సిగార్ వారానికి ఒకటి అంటే రూ.1,600. చవకది చేతికి అందుబాటులో ఉంటే మనసు దాన్ని లెక్కలోకి తీసుకోదు, అదే దాని ప్రమాదం. నేను శనివారానికి ఒకటి చొప్పున కాలుస్తాను, అందుకే నాకు పియేద్రా కంటే మంచివి కూడా అందుతాయి.

పద్మజ, దంతవైద్యురాలు, పెదవాల్తేరు:

గౌతమీతీరం గారు ఆకు గురించి రాసింది ఆసక్తిగా చదివాను. ఆయన చివరి లెక్కకు నేను ఇంకొంత కలపాలి.

"లోపలికి పీల్చను కదండీ, నోట్లోనే ఉంచి వదిలేస్తాను" అని సిగార్, చుట్ట కాల్చేవారు నాతో ఎప్పుడూ అంటుంటారు. సిగార్ పొగకు క్షారగుణం ఉంటుంది. నికోటిన్ ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండానే బుగ్గల లోపలి పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఉండే పొగాకు ఒక సిగరెట్ పెట్టెలో ఉన్నంత ఉండవచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు పీల్చడంతో పని లేదు, పొగ తగిలితే చాలు. "ఉన్నదంతా ఆకే" అన్న మాట కూడా అభయం కాదు సూర్యం గారూ. హాని చేసేది ఆ ఆకూ, అది కాలడమూ. కాగితం లేనంత మాత్రాన తగ్గేది లేదు.

మన తీరానికి ఈ విషయంలో బాధాకరమైన గుర్తింపు ఉంది. విశాఖ, శ్రీకాకుళం తీరగ్రామాల్లో ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ గురించి దశాబ్దాలుగా వైద్య పత్రికలు రాస్తున్నాయి. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. తీరగ్రామాల శిబిరాల్లో కూర్చున్నప్పుడు అంగిలి మొత్తం తెల్లబడి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలిన నోళ్లు చూశాను. నొప్పి ఉండదు. అందుకే ఎవరూ రారు.

వేణు గారూ, వారానికి నాలుగు అంటే మీ నోటికి విశ్రాంతి లేనట్టే. మానేయమనే నా సలహా. అందాకా నెలకు ఒకసారి మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి బుగ్గలు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి చూసుకోండి. తుడిచినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలు దాటినా మానని పుండు ఏది కనిపించినా వెంటనే చూపించుకోండి. సిగార్ కొన్నన్ని రోజులూ ఏడాదికి ఒక దంత పరీక్ష కూడా దాని ఖరీదులో భాగమే అనుకోండి.

సూర్యం, భీమిలి:

డాక్టరమ్మా, మా మామ్మ అడ్డపొగే తాగేది. గాలిలో చేపలు ఆరబెడుతూ, చేతులు రెండూ పనిలో ఉండగా, నిప్పు ఆరకుండా అలా పెట్టుకునేదని అమ్మ చెప్పేది. ఆ రోజుల్లో నోరు చూసేవాళ్లే లేరు. నాన్నగారిని ఈ వారమే తీసుకెళ్లి చూపిస్తాను. ఆయనకు డెబ్భై దాటింది, ఇప్పటికీ రోజుకు రెండు చుట్టలు తప్పవు.

పద్మజ, దంతవైద్యురాలు, పెదవాల్తేరు:

తప్పకుండా తీసుకెళ్లండి. కట్టుడు పళ్లు ఉంటే తీసి చూడమనండి, వాటి కింద అంగిలి కనిపించదు.

వేణు, సీతమ్మధార:

అందరికీ ధన్యవాదాలు. పద్మజ గారూ, పరీక్షకు సమయం తీసుకున్నాను. శనివారానికి ఒకటి అన్న పద్ధతికి వస్తున్నాను, ఇంట్లో కూడా సంతోషించారు. తేమమాపినికి ఉప్పు పరీక్ష పెడితే 69 చూపింది, అంటే ఆరు కలుపుకోవాలన్న మాట.

గౌతమీతీరం గారూ, ఇంకొక సందేహం. బావగారి పాత పెట్టెలో మిగిలిన సిగార్లలో ఒకదానికి సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలు ఉన్నాయి. అడుగున గోధుమ రంగు పొడి రాలింది. ఇంకో రెండింటి మీద తెల్లగా బూడిదలా పట్టింది. వీటిని కాల్చవచ్చా?

గౌతమీతీరం, మురళీనగర్:

రంధ్రాలది వెంటనే బయట పారేయండి. అది నిలవ పొగాకును తొలిచే పురుగు. గుడ్లు ఆకుతోపాటే వస్తాయి, వేడి 25 డిగ్రీలు దాటితే పొదుగుతాయి, మన ఊళ్లో దాటని నెల ఎక్కడిది? అదే పెట్టెలో ఉన్న మిగతావాటిని జిప్ సంచిలో గాలి లేకుండా మూసి మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, తరువాత ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో, ఆ తరువాతే బయట పెట్టండి. ఒక్కసారిగా బయటికి తీస్తే పై ఆకు పగులుతుంది. సంచి మాత్రం మామూలు వేడికి వచ్చేదాకా విప్పవద్దు, లేకపోతే చెమ్మ పడుతుంది. కట్ట కొన్నప్పుడు కూడా ముందు ఈ పని చేసి తరువాతే డబ్బాలో పెట్టండి.

తెల్లటిది బూజు అయ్యే అవకాశమే ఎక్కువ. నూగులా లేచి ఉండి, ముక్కిన వాసన వస్తే బూజే. కాలే చివర లోపల కూడా కనిపిస్తే ఆలోచించకుండా పారేయండి. నేనైతే పైపైన ఉన్నా కాల్చను, డాక్టరు గారు చెప్పింది చదివాక మరీ.

శనివారానికి ఒకటే అన్నారు కాబట్టి మీకు కట్టతో పని లేదు. ఇరవై సిగార్లు ఐదు నెలలు కూర్చుంటాయి, అందులో రెండు నెలలు వానలే. పియేద్రా ఐదేసి ప్యాకెట్లలో కూడా వస్తుంది, అది ఒకటి తీసుకోండి. హోండురస్‌ది సన్న రకం ఉంటే విడిగా రెండు కొని డబ్బాలో పక్కన పెట్టండి. చివరి మూడో వంతు దాకా ఏది చేతిలో నిలిచిందో చూసి చెప్పండి.